నీడపట్టీ

కోటేశ్వరి బడిలో పడిపోయినప్పుడు ఆ పిల్ల పిడికిట్లో తాళంచెవుల గుత్తి కుక్కినవాడు హెడ్మాస్టరు పరంధామయ్యే. ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని ఆయన చిన్నప్పటి నుంచీ విన్నాడు. చేతులు కొట్టుకుంటుంటే ఆ గుత్తి పిల్ల మొహానికే తగిలి పై పెదవి చీలింది. తెలివొచ్చేసరికి ఆమె నోట్లో రక్తం, చుట్టూ ఖాళీ. తోటి పిల్లల్ని ఆయన వరండాలోకి తరిమేశాడు. తర్వాత కోటేశ్వరి కూర్చునే బల్లను ఫినాయిలుతో కడిగించి, ఉప్పు మళ్లలో పనిచేస్తున్న ఆమె తల్లి ఆదెమ్మకు కబురు పెట్టాడు. పిల్లను తీసుకుపో, మళ్లీ పంపొద్దు అని.

కొటారుపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు ఎస్తేరు ఆ పెదవికి మందు రాస్తూ జరిగినదంతా డాక్టరు మందాకినికి చెప్పింది. మందాకిని ఆ ఊరికి డాక్టరుగా వచ్చి కొన్నేళ్లయింది. పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రి వెనకే క్వార్టర్సు, ఆసుపత్రే సంసారం. అన్యాయం కనబడితే మా అక్కకి ముందు గొంతు లేస్తుంది, ఆలోచన తీరిగ్గా లేస్తుంది అని ఆమె తమ్ముడు సుధన్వ ఎగతాళి చేసేవాడు. ఆ మధ్యాహ్నం కూడా అంతే అయింది. అన్నం తినకుండానే బడికి వెళ్లింది.

"బల్ల కడిగించారట. ఆ బల్లకేం జబ్బు చేసిందని?" అంది గుమ్మంలో నుంచే.

పరంధామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కూర్చోండి మేడం గారూ. నేనేమీ కసాయివాణ్ణి కాదు. తల్లులంతా వచ్చి నా మీద పడుతున్నారు. అంటుకుంటుందంటున్నారు."

"అంటదండీ. గజ్జి కాదు, జలుబు కాదు. మెదడులో నడిచే కరెంటు ఒక్కసారి గతి తప్పుతుంది. మానకుండా మాత్రలు వేస్తే చాలామంది పిల్లలకి ఆగిపోతుంది. పడినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చేతిలో ఏదీ పెట్టకూడదు. ఇంత మాత్రం తెలియకుండా బడి నడుపుతున్నారా?"

ఆయన మొహం ముడుచుకుంది. "మీరు పుస్తకంలో చదివారు, చెబుతున్నారు. ఆ పిల్లకి లోపల ఏమవుతుందో మీకు తెలుసా? మీకూ తెలియదు. నేనూ ఎరగను. ఎరగనిదానికి మనిషి భయపడితే తప్పా? మీరు వెళ్లండి. పిల్లని మాత్రం రానివ్వను."

అక్కణ్ణుంచి ఆమె ఉప్పు మళ్లకు నడిచింది. ఆదెమ్మ మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి ఉప్పు లాగుతోంది. డాక్టరును చూసి పని ఆపలేదు.

"మాత్రలు మానకుండా వెయ్యి ఆదెమ్మా. బడి సంగతి నేను చూస్తాను."

"నువ్వు చూసింది చాల్లే తల్లీ. నీ ఆసుపత్రికి రాకముందు నా బిడ్డ సంగతి నా ఇంట్లోనే ఉండేది. ఎప్పుడో ఇంత నురగ కక్కేది, తుడిచేదాన్ని. నువ్వు ఆసుపత్రి కార్డులో మూర్ఛ అని రాసినాక ఊరంతా తెలిసింది. ఇప్పుడు నీళ్ల కుళాయి కాడ కూడా నా బిందెకి బిందె తగలనియ్యరు. పో, నీ పని చూసుకో."

మందాకిని తిరిగి వచ్చింది గాని హెడ్మాస్టరు మాట మాత్రం ఆమెను వదల్లేదు. నిజమే, లోపల ఏమవుతుందో తనకూ తెలియదు.

* * *

సుధన్వ గుంటూరులో ఒక పాత పొగాకు గోడౌను మీద అద్దెకు తీసుకున్న ప్రయోగశాలలో పనిచేసేవాడు. అతనూ, అతని స్నేహితులూ కలిసి చేసిన వస్తువు నుదుటి చుట్టూ కట్టుకునే నల్లగుడ్డ పట్టీ. లోపలివైపు చింతగింజలంత బిళ్లలు వరసగా కుట్టి ఉంటాయి. జబ్బు మనిషికి కడితే మూర్ఛ వచ్చినప్పుడు మెదడులో లేచే అలను అది పట్టుకుని దాచుకుంటుంది. ఆ అలను ఇంకో పట్టీ ద్వారా వేరే మనిషి తలలోకి పలచగా పంపవచ్చు. మెదడు ఆపరేషన్లు నేర్చుకునే డాక్టర్ల కోసమని మొదలుపెట్టారు. దానికి నీడపట్టీ అని పేరు పెట్టుకున్నారు.

"కాళ్లూ చేతులూ కొట్టుకోవు. ఆ ముక్క కత్తిరించేశాం" అన్నాడు సుధన్వ, గుంటూరు వచ్చిన అక్కతో. "మిగతాది ఉంటుంది. నువ్వు చూడాలంటే ఒక్కసారి చూడు. పక్కకి పడుకో."

మొదట ఆమె నాలిక మీద తుప్పు రుచి వచ్చింది. తర్వాత కడుపులోంచి భయం లేచింది. దేన్ని చూసో, ఎవర్ని తలుచుకునో వచ్చిన భయం కాదు, ఉత్త భయం. సుధన్వ ఏదో అంటున్నాడు. తెలుగులాగే ఉంది, ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. అతని పేరు గుర్తు రావడం లేదు. ఆ తర్వాత ఏమీ లేదు. చీకటి అనుకోవడానికి కూడా ఎవరూ లేరు. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఎవరో ఆమె పైకి వంగి ఉన్నారు. ఆ మొహాన్ని తమ్ముడిగా పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఇదా?" అంది చివరికి. గొంతు తనది కానట్టుంది. "పసిపిల్లకి ఇదా? ఇది వచ్చి లేచిన పిల్ల నోట్లో రక్తం, చుట్టూ ఎవరూ లేకుండా..." అని ఏడ్చేసింది. ఏడుపు ఆగగానే, "నాకివి రెండు కావాలి" అంది.

సుధన్వ ఒప్పుకోలేదు. వాళ్లిద్దరూ పొద్దుగూకేదాకా పోట్లాడుకున్నారు.

"అక్కా, పచ్చిక బీట్లో ఒక మనిషి ఒకసారి నడిస్తే గడ్డి మళ్లీ లేస్తుంది. అదే చోట రోజూ నడిస్తే డొంకదారి పడుతుంది. మెదడూ అంతే. ఈ అలకి దారి అలవాటైతే మనం పంపకపోయినా అదే నడుచుకుంటూ వస్తుంది. అందుకే ఒక మనిషికి ఒక్కసారే. ఒక్కసారైతే ఏమీ కాదని మా లెక్క. లెక్కే, రుజువు కాదు."

"ఒక్కసారే పెడతాను, ఒక్కొక్కరికి" అని మాటిచ్చి తెచ్చుకుంది.

పిల్ల మూర్ఛను పట్టీలోకి ఎక్కించాలంటే తల్లి ఒప్పుకోవాలి. ఆదెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విన్నది.

"నా బిడ్డ జబ్బు తీసి ఊళ్లో అందరి నెత్తినా పెడతావా?"

"ఒక్క క్షణం పెడతాను. అప్పటికైనా తెలుస్తుంది."

"పిల్లకి నొప్పుంటదా?"

"ఉండదు."

ఆదెమ్మ ఆలోచించింది. "అయితే ముందుగా ఆ పంతులికి పెట్టు. ఆయన పడతంటే నేను చూడాల."

కోటేశ్వరి ఆ నల్లపట్టీ కట్టుకుని ఆసుపత్రి వరండాలో ఎస్తేరు పక్కన దూదిపింజలు చుడుతూ కూర్చునేది. ఒకనాడు అక్కడే వచ్చింది. ఎస్తేరు ఒళ్లో పక్కకు తిప్పి పట్టుకుంది. పట్టీ పని పట్టీ చేసుకుపోయింది. లేచాక పిల్ల అడిగింది. "డాక్టరమ్మా, నాకు ముందర ఒక బూచిలాగా వస్తది, అది కూడా పడిందా ఇందులో?"

"పడింది."

"అయితే పంతులు గారికి వద్దులే. పెద్దాయన గదా, తట్టుకోలేడు."

మందాకిని పిల్ల తల నిమిరింది. మాట మాత్రం వినలేదు.

* * *

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మండలం నుంచి విద్యాధికారి వచ్చాడు. ఊరు సగం వచ్చింది. మందాకిని మైకు పట్టుకుని, "ఎరగనిదానికి భయపడతానన్నారు హెడ్మాస్టరు గారు. రండి సార్, ఎరుగుదురు గాని" అని పిలిచింది. అందరి ముందూ పిలిస్తే ఆయన రాక తప్పదని ఆమెకు తెలుసు.

పరంధామయ్య వచ్చాడు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, మెల్లగా మెట్లెక్కి, "ముందు మీరు పెట్టుకోండి" అన్నాడు.

జనం ఈలలు వేశారు. "అవునమ్మా, ముందు నువ్వు!"

తమ్ముడికిచ్చిన మాట అక్కడ, ఆ ఈలల మధ్య, పోయింది. ఆమె రెండోసారి పట్టీ కట్టుకుని ఎస్తేరు చేతుల్లోకి ఒరిగింది. కాసేపటికి లేచి, "చూశారా, నాకేమన్నా అయిందా?" అని తడబడే నాలికతో అంది.

తర్వాత ఆయన. కళ్లు నిలువుగుడ్లు పడ్డాయి, పెదవులు చప్పరించాయి, మనిషి పక్కకు జారాడు. ముందు వరసలో ఎవరో అరిచారు. "పంతులికి ఎక్కిందిరోయ్! దూరం జరగండి!" కుర్చీలు పడ్డాయి. ఆయన దగ్గర చదువుకున్న మగవాళ్లే పిల్లల్ని చంకనేసుకుని షామియానా దాటి పోయారు. వేదిక మీద పరంధామయ్య కళ్లు తెరిచి ఉన్నాయి. తెలివి తిరిగొస్తోంది, అన్నీ వింటున్నాడు, నోరు మాత్రం రావడం లేదు. ఆయన పంట్లాం తడిసిపోయింది. ఆ సంగతి సుధన్వ ఊహించలేదు, మందాకిని అడగనూ లేదు. ఎస్తేరు పరుగెత్తి మీద దుప్పటి కప్పింది.

చూడాలని వచ్చిన ఆదెమ్మ మొహం తిప్పేసుకుని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పరంధామయ్య ఆసుపత్రికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పిల్లని పంపించమనండి. ముందు బల్ల మీదే కూర్చోబెడతాను. ఎవరన్నా పల్లెత్తు మాటంటే చర్మం ఒలుస్తాను."

"చాలా సంతోషం సార్."

"నాకు లేదు. చెప్పి ఒప్పించి ఉంటే నేర్చుకునేవాణ్ణి. ఊరి మధ్యలో నా పరువు తీసి నేర్పారు. పిల్ల రావచ్చు. మీరు మాత్రం నా బడి గుమ్మం తొక్కొద్దు."

* * *

సంగతి జిల్లాకు పాకింది. ప్రతి మండలంలోనూ పట్టీ చూపించమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. జీపు ఇచ్చారు. మందాకిని, ఎస్తేరు ఊరూరా తిరిగారు. నిజం చెప్పాలంటే పని జరిగింది. ఇళ్లలో వెనక గదుల్లో దాచిన పిల్లలు బయటికొచ్చారు. సాంబ్రాణి పొగ వేసి, చెప్పు వాసన చూపించి ఊరుకునే తల్లులు మాత్రల కోసం వరస కట్టారు. బడి మాన్పించిన పిల్లల్ని మళ్లీ చేర్చుకున్నారు. ఒక ఊళ్లో సర్పంచి పట్టీ విప్పి, తన తమ్ముడి కొడుకును గొలుసుతో కట్టేసిన సంగతి చెప్పి అందరి ముందూ చెంపలేసుకున్నాడు.

కాని ప్రతి ఊళ్లోనూ జనం ఒక్కటే అన్నారు. ముందు నువ్వు పెట్టుకో.

ఆమె పెట్టుకునేది. లేదంటే షామియానా కింద ఒక్కడూ మిగలడు. నేను పెట్టుకుంటానని ఎస్తేరు ఒకసారి ముందుకొస్తే, "నీకు ఇద్దరు పిల్లలున్నారు, ఊరుకో" అని కసిరింది. సుధన్వ ఫోన్ చేసి ఎన్నిసార్లు పెట్టుకున్నావని అడిగితే "నాకెందుకు పెడతారు, వాళ్లకే" అని అబద్ధమాడింది.

కొన్నాళ్లకు నాలిక మీద తుప్పు రుచి పట్టీ లేకుండానే రావడం మొదలైంది. చీటీ రాస్తూ రాస్తూ కలం ఆగిపోయేది. ఎదురుగా ఉన్న రోగి "ఏందమ్మా, అట్టా చూస్తన్నావు?" అంటే ఉలిక్కిపడి మళ్లీ రాసేది. ఎస్తేరు ఇది కనిపెట్టింది.

"అమ్మా, ఇందాక నేను పిలిస్తే పలకలేదు మీరు."

"ఆలోచిస్తున్నాను."

"కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు చప్పరిస్తున్నారు. కోటేశ్వరికి వచ్చేముందు అట్టాగే..."

"ఎస్తేరూ, నువ్వు నర్సువా, డాక్టరువా?"

సాయంత్రం ఎస్తేరు బయటికెళ్లి సుధన్వకు ఫోన్ చేసింది.

అతను మర్నాడే వచ్చాడు. అక్కను పలకరించకుండానే బీరువా తెరవబోయాడు. ఆమె అడ్డం నిలబడింది.

"పట్టీలు ఇచ్చెయ్."

"ఇంకో నాలుగు మండలాలున్నాయి. అవి కాగానే ఇస్తాను."

"అవి కాగానే నీకు తల ఉండదు. పద గుంటూరు, పరీక్ష చేయిస్తాను."

"నాకేం లేదు, నిద్ర చాలక."

"నీ దగ్గరికొచ్చే తల్లి ఇదే మాటంటే నువ్వేమంటావ్? చెవులు మెలేస్తావ్!" సుధన్వ వెనక్కి తగ్గలేదు. "ఇదంతా పిల్లల మీద ప్రేమ అనుకుంటున్నావా అక్కా? కాదు. ఆ పంతులు నీకేం తెలుసు అన్నాడు, నువ్వు తట్టుకోలేకపోయావు. గెలవాలని పంతం. ఊరూరా తిరిగి గెలుస్తున్నావు."

ఆమె అతని చెంప మీద కొట్టింది. చిన్నప్పుడు కూడా ఎన్నడూ కొట్టలేదు. సుధన్వ వెనుదిరిగాడు. చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాడు. పట్టీలు బీరువాలోనే ఉన్నాయి.

* * *

టీకాల రోజు పొద్దున వరండా నిండా పసిపిల్లల తల్లులు. ఉప్పు మేస్త్రీ కోడలు నెలల బిడ్డను బరువు చూడమని అందించింది. మందాకిని బిడ్డను ఎత్తుకుని తక్కెడ వైపు రెండడుగులు వేసింది. తుప్పు రుచి వచ్చింది. బిడ్డను కింద పెట్టాలని ఆమెకు తోచింది, ఆ తోచడమే ఆఖరు.

ఈసారి కాళ్లూ చేతులూ కత్తిరించిన నీడ కాదు, పూర్తి మూర్ఛ. కేక వేసి నిలువునా వెనక్కి పడింది. బిడ్డ చేతిలోంచి జారి అరుగు అంచుకు తగిలి నేల మీద పడ్డాడు. తల్లులంతా కకావికలైపోయారు. ఎస్తేరు ఒక్కతే, ఒక చేత్తో బిడ్డను అందుకుంటూ ఇంకో చేత్తో డాక్టరు భుజం పట్టి పక్కకు తిప్పుతూ, "ఎవరన్నా రండే!" అని అరిచింది. ఎవరూ రాలేదు.

బిడ్డకు మెడ కింది కాలర్ ఎముక విరిగింది. ఒంగోలు తీసుకెళ్లారు. ప్రాణానికి భయం లేదన్నారు. కాని ఆ మాట ఊరు చేరేలోపే జనం ఆసుపత్రి మీద పడ్డారు. బీరువా పగలగొట్టి పట్టీలు బయటికి లాగి కిరసనాయిలు పోశారు. మందాకిని అప్పటికి గోడకానుకుని కూర్చోగలుగుతోంది. నాలిక కొరుక్కుంది. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. మేస్త్రీ ఆమె మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"అంటదన్నావు గదా! గజ్జి కాదు, జలుబు కాదన్నావు గదా! మరి నీకు ఎట్టా వచ్చింది? ఆ పిల్ల దగ్గర్నించే గదా వచ్చింది? చెప్పు!"

ఆమె నోరు తెరిచింది. జబ్బు అంటదు. ఈ జబ్బు మాత్రం ఆ పిల్లదే, యంత్రం మోసుకొచ్చి తన తలలో నాటింది. ఆ రెండు మాటల మధ్య తేడా కిరసనాయిలు డబ్బా పట్టుకున్నవాడికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. తలొంచుకుంది. ఊరికి అదే జవాబైంది.

విచారణ వేశారు. అది తేలేదాకా రోగుల్ని చూడొద్దని, క్వార్టర్సులో ఉండవచ్చని పైవాళ్లు కాగితం పంపారు. గుంటూరులో సుధన్వ ప్రయోగశాలకు తాళం పడింది. జిల్లాలో పట్టీ కట్టుకున్న వాళ్లంతా బెంబేలెత్తిపోయి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు. పిల్లలకు మాత్రలు మానేస్తున్నారని ఎస్తేరు వచ్చి చెప్పేది. చెప్పి, అన్నం గిన్నె పెట్టి, ఆగకుండా వెళ్లిపోయేది.

ఒకరోజు పరంధామయ్య వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"నాకూ వస్తుందా?" అని అడిగాడు.

"మీకు పెట్టింది ఒక్కసారే. రాకూడదు."

"రాకూడదు అంటున్నారు. రాదు అనడం లేదు."

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. "అనలేను సార్."

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. "మీకు శిక్ష పడాలి. విచారణలో అదే చెప్పాను." వెళ్లబోతూ ఆగాడు. "ఆ కోటేశ్వరిని పంపించెయ్యమని ఊరంతా ఒకటై కూర్చుంది. పంపనన్నాను. ఇవాళ ఆ పిల్లని పంపితే రేపు నన్ను పంపుతారు."

అయినా కోటేశ్వరి బడికి రావడం లేదు. ఆదెమ్మే ఆపేసింది.

* * *

సుధన్వ తెచ్చిచ్చిన మాత్రలు కిటికీ గూట్లో ఉన్నాయి. పరీక్షలన్నీ చేయించి, ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో పెద్ద డాక్టరు చేత రాయించి, అక్క చేతిలో పెట్టి వెళ్లాడు. అక్క ఒక్కటీ వేసుకోలేదు. వేసుకుందామనే గూటి దాకా వెళ్లేది. వేసుకుంటే జబ్బు తనదైపోతుంది. ఎంతమంది తల్లుల్ని ఈ మాటకే తిట్టిందో ఆమెకే తెలుసు. ఈమధ్యలో రెండుసార్లు పడింది. ఎవరూ చూడలేదు గనక పడనట్టే అనుకుంది.

ఆదెమ్మ ఒక మధ్యాహ్నం తలుపు తట్టకుండా లోపలికొచ్చింది. వెనక కోటేశ్వరి. పిల్ల నుదురు మీదా, ముక్కు మీదా చెక్కుకుపోయి ఉంది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఉప్పు మడిలో బోర్లా పడింది" అంది ఆదెమ్మ. "నేను కుప్ప కాడున్నా. చూసేసరికి మొహం నీళ్లలో ఉంది. నీ మాత్రల్లేని నాడు నేను ఎట్టాగో కాచుకునేదాన్ని. నువ్వు మాత్రలన్నావు, తగ్గింది. నువ్వే పడ్డావు, మానేశా. ఇప్పుడు నా బిడ్డ ఉప్పునీళ్లు మింగింది. నిన్ను నరికినా పాపం లేదు."

"లేదు" అంది మందాకిని. "నరుకు. ముందు పిల్లకి మాత్ర వెయ్యి. మానినప్పుడే ఎక్కువ వస్తాయి, నేను చెప్పలేదా?"

"చెప్పావు. చెప్పింది నమ్మమంటావా? అంటదన్నది కూడా నువ్వే చెప్పావు."

ఆదెమ్మ గదంతా చూసింది. కిటికీ గూట్లో అట్టలు కనబడ్డాయి. తీసి వెనకా ముందూ తిప్పింది. చదువు రాకపోయినా ఆ అట్ట ఆమెకు తెలుసు, పిల్లకిచ్చేదీ అదే. ఒక్క మాత్ర రేకు కూడా చిట్లలేదు.

"ఇయ్యి నీయేనా?"

"నావే."

"ఒక్కటీ మింగలేదే!"

మందాకిని మొహం పక్కకు తిప్పుకుంది.

"నీకు జబ్బుంది. మందుంది. చదువుంది. మింగలేదు." ఆదెమ్మ గొంతు తగ్గింది, తగ్గినకొద్దీ పదునెక్కింది. "మరి మాత్ర వెయ్యలేదని నన్నెందుకు తిట్టావు ఆ నాడు, ఆసుపత్రిలో అందరి ముందర? బుద్ధి లేదా నీకు, చదువు లేకపోతే చెప్పింది వినాల అన్నావు. నేను ఆ రాత్రి అన్నం తినలా."

"తప్పే."

"తప్పు ఎవడిక్కావాల? మింగు."

"ఆదెమ్మా..."

"నా ముందర మింగు. నేను చూస్తా. ఇదే మాత్ర, ఈ అట్టలోదే, ఒకటి నువ్వు, ఒకటి నా బిడ్డ. నీకేమన్నా అయిందా, మళ్లీ ఈ గడప తొక్కను."

పిల్లకు ఎంత వెయ్యాలో వేరు, పెద్దవాళ్లకు వేరు అని చెప్పబోయి మందాకిని ఆగింది. లేచి పిల్ల మోతాదు మాత్రలు తన మందుల పెట్టెలోంచి వెతికి తీసింది. తన అట్ట ఆదెమ్మ చేతిలోంచి తీసుకుంది. వెండి రేకు చిట్లింది. చెంబులో నీళ్లు పోసుకుని, మాత్ర నాలిక మీద పెట్టుకుంది. ఎన్ని వందలమందికి రాసిచ్చిందో, దాని రుచి ఇంత చేదని ఆ రోజే తెలిసింది. మింగింది.

"నోరు తెరువు" అంది ఆదెమ్మ.

తెరిచింది. ఆదెమ్మ వంగి, నాలిక కింద కూడా చూసి, అప్పుడు కూతురి వైపు తిరిగి తలూపింది. కోటేశ్వరి తన మాత్ర తీసుకుని గుటుక్కున మింగి, అదే చెంబు ఎత్తి మిగిలిన నీళ్లు తాగింది.

ఆదెమ్మ గుమ్మానికి అడ్డంగా చతికిలబడి, వీపు తలుపుకానించి, పొద్దువాలేదాకా డాక్టరు మొహం మీంచి చూపు తిప్పలేదు. ఇచ్చిన టీ ముట్టుకోలేదు. చీకటి పడబోతుంటే లేచి చీర దులుపుకుంది.

"మళ్లీ ఎప్పుడు?"

"రేపు పొద్దున."

"పొద్దున వస్తా. నేను వచ్చేదాకా మింగబాక. నేను చూడకుండా మింగితే లెక్కలోకి రాదు."

అన్నట్టే వచ్చింది. ఆ తర్వాతి వారం ఆమె వెంట ఇంకొకామె వచ్చింది, చంకలో కళ్లు తేలేసే పిల్లవాడితో. నమస్కారం పెట్టలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. "నిజంగానే మింగుతుందా?" అని ఆదెమ్మను అడిగింది. "నువ్వే చూడు" అంది ఆదెమ్మ. అలా ఒకరు చెప్పి ఒకరు, పక్క ఊళ్ల నుంచి కూడా, అనుమానంగా మొహాలు పెట్టుకుని ఆ క్వార్టర్సు వరండాలో చేరేవాళ్లు. విచారణలో మందాకినికి ఉద్యోగం పోయింది. ఆ సంగతి తెలిసిన రోజున కూడా పొద్దున్నే వరండాలోకొచ్చి, అంతమంది ఎదుట మాత్ర మింగి, నోరు తెరిచి చూపించింది. తల్లులు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి వంగి చూసి, వెనక్కి వెళ్లి, తమ పిల్లల నోళ్లు తెరిపించారు.